రెండు కళ్ళూ నీలమైన కుక్క: ఒక సర్రా కేసు

కుక్క కంట్లో పరాన్నజీవి అనగానే పశువైద్యుల్లో చాలామందికి ముందు గుర్తొచ్చేది కనురెప్ప కింద మెలికలు తిరిగే తెల్లటి సన్న పురుగు. ఈ కేసులో కంట్లో అలాంటిదేమీ కనిపించలేదు. జబ్బు నెత్తురులో ఉంది, దాని గుర్తు మాత్రం కళ్ళలో తేలింది. అది సర్రా, అంటే నెత్తురులో బతికే ట్రిపనోసోమా అనే సూక్ష్మ పరాన్నజీవి తెచ్చే జబ్బు అని తెలుసుకోవడానికి నాకు తొమ్మిది రోజులు పట్టింది. మొదటి రోజే ఒక చుక్క తాజా నెత్తురు నా మైక్రోస్కోపు కింద పెట్టి ఉంటే ఆ కుక్కకి అంత బాధ ఉండేది కాదేమో. తోటి వైద్యులకు, ముఖ్యంగా పల్లెల్లో ఒంటరిగా ప్రాక్టీసు చేసే కొత్తవాళ్ళకు పనికొస్తుందని దీన్ని రాస్తున్నాను.

నాది డెల్టాలో ఒక చిన్న క్లినిక్. వచ్చేవాటిలో గేదెలు, ఆవులే ఎక్కువ, తర్వాత కుక్కలు, మేకలు. యజమానుల ఆనవాలు తెలియకుండా ఊరు, పేర్లు, ఒకటి రెండు చిన్న వివరాలు తీసేశాను. జ్వరం, రక్తం లెక్కలు, మందుల మోతాదులు మాత్రం కేసు షీటులో రాసుకున్నవే.

కుక్క, ఇల్లు

నాలుగేళ్ళ మగ కుక్క, నాటు జాతి, బరువు 20 కిలోలు. ఆ ఇంట్లో నాలుగు పాడి గేదెలున్నాయి. రాత్రిపూట కుక్క పడుకునేది గేదెల పాకలోనే. టీకాలన్నీ వేయించారు, కార్డు కూడా వెంట తెచ్చారు. వచ్చింది అక్టోబరులో. వానలు వెనకబట్టి, చేల గట్ల మీద నీళ్ళు ఇంకా ఆరక, పాకల్లో జోరీగలు ముసురుకునే రోజులు.

"నాలుగు రోజుల కింద ఎడమ కంట్లో పువ్వు వేసిందండీ డాక్టరు గారూ. ఎవరైనా రాయి విసిరారేమో అనుకున్నాం. నిన్నటికి రెండో కన్ను కూడా అలాగే అయిపోయింది. తిండి ముట్టట్లేదు" అన్నాడు యజమాని. ఇంట్లో రెండు రోజులు ఆముదం చుక్కలు వేశారు. తర్వాత మందుల షాపులో అడిగి మనుషుల కంటి చుక్కలు తెచ్చి వేశారు.

రాయి తగిలితే ఒక కన్ను చెడుతుంది. నాలుగు రోజుల తేడాలో రెండు కళ్ళూ ఒకే తీరుగా చెడ్డాయంటే కారణం కంటికి బయట, ఒంట్లో ఎక్కడో ఉందని అర్థం. అంతవరకు నా ఆలోచన సరిగ్గానే నడిచింది.

మొదటి రోజు చూసినవి

జ్వరం 104.4 డిగ్రీల ఫారెన్‌హీట్. చిగుళ్ళు పాలిపోయాయి. భుజాల ముందు, మోకాళ్ళ వెనక గ్రంథులు ఉబ్బి చేతికి తగులుతున్నాయి. చెవుల చుట్టూ ఐదారు పిడుదులు.

రెండు కార్నియాలూ, అంటే కంటి ముందరి పారదర్శక పొరలు, పొగమంచు పట్టిన అద్దంలా నీలి తెలుపుగా ఉన్నాయి, ఎడమది కాస్త ఎక్కువ. ఫ్లోరసీన్ రంగు వేసి చూస్తే పుండు లేదు. షాపు చుక్కల్లో స్టెరాయిడ్ ఉంది కాబట్టి ఈ పరీక్ష చేయకుండా ముందుకు వెళ్ళకూడదు. పుండు ఉన్న కంట్లో స్టెరాయిడ్ పడితే కార్నియా కరిగి కన్నే పోవచ్చు. తర్వాత మత్తు చుక్కలు వేసి, మూడో రెప్పను ఫోర్సెప్స్‌తో ఎత్తి కింద వెతికాను. మొదట చెప్పిన ఆ తెల్లటి పురుగులు, థెలాజియా, ఉంటే అక్కడే కనిపిస్తాయి. ఏమీ లేవు. సన్నటి టార్చి వెలుగు పక్క నుంచి వేస్తే కంటి లోపలి నీటిలో ఆ వెలుగు గీత కనిపించింది, మంచు పడిన తెల్లవారుజామున బండి లైటు వెలుగు గాలిలో కనిపించినట్టు. కనుపాపలు ముడుచుకుపోయి ఉన్నాయి. ఒత్తిడి కొలిచే పరికరం నా దగ్గర లేదు. రెప్ప మీద నుంచి వేళ్ళతో నొక్కితే రెండు కళ్ళూ మెత్తగా తగిలాయి.

ఇవన్నీ కలిపితే అది యువియైటిస్, అంటే కంటి లోపలి పొరల వాపు. కంటి లోపల ఒత్తిడి పెరిగే గ్లకోమా అయితే కన్ను గట్టిగా ఉండేది, కనుపాప విప్పారి ఉండేది.

రెండు కళ్ళలో యువియైటిస్, జ్వరం, గ్రంథుల వాపు, పాలిపోవడం. మన ప్రాంతంలో ఈ లక్షణాలు చెప్పగానే ఏ పశువైద్యుడి నోటైనా వచ్చే మాట ఎర్లీకియా, పిడుదుల ద్వారా వచ్చే జ్వరం. అడినోవైరస్ వల్ల వచ్చే హెపటైటిస్‌లోనూ కళ్ళు నీలమవుతాయి గానీ, నాలుగేళ్ళ వయసు, పూర్తి టీకాలు ఉండడంతో దాన్ని కిందికి నెట్టాను. సర్రా కూడా మనసులోకి వచ్చింది. కేసు షీటులో నాలుగో పేరుగా రాశాను కూడా. రాసినా దానికోసం వెతకలేదు.

రక్తం తీసి, గడ్డకట్టకుండా ఆపే ఈడీటీఏ ట్యూబులో పట్టణంలోని ల్యాబుకు పంపాను. క్లినిక్‌లో ఎర్లీకియా ర్యాపిడ్ కిట్ పెట్టాను. అది పాజిటివ్. సాయంత్రానికి ల్యాబు రిపోర్టు వచ్చింది: హిమోగ్లోబిన్ 8.6, ప్లేట్‌లెట్లు 72 వేలు, స్లైడులో రక్త పరాన్నజీవులు లేవు. అన్నీ ఎర్లీకియాకు అతికినట్టు సరిపోయాయి.

మొదటి చికిత్స, ఎందుకు తప్పింది

ఎర్లీకియాకు వాడే డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన రోజుకు 200 మొదలుపెట్టాను. కంటికి ప్రెడ్నిసొలోన్ అసిటేట్ 1 శాతం స్టెరాయిడ్ చుక్కలు రోజుకు నాలుగుసార్లు. కనుపాప విప్పారడానికి, లోపల అతుక్కుపోకుండా ఉండడానికి, నొప్పి తగ్గడానికి అట్రోపిన్ 1 శాతం రోజుకు రెండుసార్లు. వీటికి తోడు కంటి వాపు కోసమని, ప్లేట్‌లెట్లు తక్కువున్నాయని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు రోజుకు 20 మిల్లీగ్రాములు రాశాను. ఈ కేసులో నేను చేసిన పెద్ద పొరపాటు ఆ మాత్రలే.

మూడో రోజు ఫోన్ వచ్చింది. జ్వరం దిగింది, పెరుగన్నం తిన్నది అన్నారు. మందు పట్టిందని నేను నమ్మాను.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. సర్రా తెచ్చే ట్రిపనోసోమా ఇవాన్సీ నెత్తురులో ఎప్పుడూ ఒకే లెక్కలో ఉండదు. తన ఒంటి మీది ప్రోటీన్ పొరను మార్చుకుంటూ ఉంటుంది. కుక్క ఒళ్ళు ఒక పొరను గుర్తుపట్టి యాంటీబాడీలతో చంపేసరికి, అప్పటికే వేరే పొర తొడుక్కున్న కొన్ని తప్పించుకుని మళ్ళీ పెరుగుతాయి. అందుకే జ్వరం కొన్నాళ్ళు వస్తుంది, దిగుతుంది, మళ్ళీ వస్తుంది. మూడో రోజు దిగిన జ్వరం డాక్సీసైక్లిన్ వల్ల దిగింది కాదు, ఆ అలలో అది దిగే సమయం. ఎర్లీకియాలో డాక్సీసైక్లిన్ వేసిన ఒకటి రెండు రోజుల్లో కుక్క తేరుకోవడం మామూలే కాబట్టి రెండింటికీ తేడా నాకు కనబడలేదు.

కిట్ పాజిటివ్ సంగతి కూడా అంతే. ఆ కిట్ చూపించేది యాంటీబాడీలను. ఒళ్ళంతా పిడుదులతో తిరిగే పల్లె కుక్కకి ఎప్పుడో ఎర్లీకియా తగిలి ఉంటే ఆ యాంటీబాడీలు నెలల తరబడి ఉంటాయి. ఇప్పటి జ్వరానికి ఇదే కారణమని కిట్ మీది గీత చెప్పదు. ఈ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినా, అనుకున్నదే వచ్చేసరికి దాన్ని ప్రశ్నించలేదు.

తొమ్మిదో రోజు

కుక్కను ఆటోలో తెచ్చారు. ముఖం ఉబ్బి కళ్ళు సగం మూసుకుపోయాయి. వెనక కాళ్ళలో, వృషణాల సంచిలో నీరు చేరింది. వేలితో నొక్కితే గుంట పడుతోంది. జ్వరం 105.2. రెండు కార్నియాలూ పూర్తిగా తెల్లబడ్డాయి. నేల మీద దింపితే టేబుల్ కాలికి గుద్దుకుంది. ఇంటి పెద్దావిడ దాని తల ఒళ్ళో పెట్టుకుని "దీన్ని బతికించండి బాబూ, చూపు లేకపోయినా మేం చూసుకుంటాం" అంది.

డాక్సీసైక్లిన్ తొమ్మిది రోజులు వాడాక ఎర్లీకియా ఇలా ముదరకూడదు. రోగం తేల్చడంలోనే తప్పు జరిగిందని అప్పుడు ఒప్పుకున్నాను. మళ్ళీ మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాను.

"దీనికి ఏం పెడతారు?" అని మొదటి రోజు అడిగితే పెరుగన్నం, పాలు అన్నారు. అది నిజమే. ఈసారి "బయట ఏం తింటుంది?" అని అడిగాను. పెద్దవాళ్ళు ఏమీ లేదన్నారు. వెంట వచ్చిన పదేళ్ళ పిల్లాడు "ఆదివారం ఆదివారం మాంసం కొట్టు వెనక్కి పోతుంది, అక్కడ పేగులూ అవీ తిని వస్తుంది" అన్నాడు. గేదెల గురించి అడిగితే, అందులో ఒకటి నెల రోజులుగా చిక్కిపోతోందని, పాలు తగ్గాయని చెప్పారు. దాన్ని ఎవరికీ చూపించలేదు.

సర్రా ఒక పశువు నుంచి ఇంకో దానికి పోయేది ముఖ్యంగా జోరీగల వల్ల. ఈగ ఒక పశువును కుట్టి, కడుపు నిండకముందే లేచి పక్కదాన్ని కుడితే మూతికి అంటిన నెత్తురుతో పాటు పరాన్నజీవి కూడా వెళ్తుంది. కుక్కకి రెండో దారి కూడా ఉంది. జబ్బు పశువు పచ్చి మాంసం, నెత్తురు తింటే నోటి గాయాల గుండా ఎక్కుతుంది. ఈ కుక్కకి రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

చెవి కొసను సూదితో గుచ్చి, ఒక చుక్క నెత్తురు స్లైడు మీద వేసి, కవర్ స్లిప్ మూసి, వెంటనే 40 ఎక్స్ కింద పెట్టాను. ముందు పరాన్నజీవి కనబడలేదు, ఎర్ర కణాల కదలిక కనబడింది. నిశ్చలంగా ఉండాల్సిన కణాలు ఒకచోట తోపులాటలో పడ్డట్టు పక్కకి జరుగుతున్నాయి. అక్కడే ఫోకస్ సరిచేస్తే మధ్యలో సన్నగా, చేప పిల్లలా కొట్టుకుంటూ ఒకటి. పక్క ఫీల్డులో మూడు. ఆ పక్కన లెక్కపెట్టలేనన్ని. జీమ్సా రంగు వేసిన స్లైడులో అలలు తిరిగిన పొర, కొసన తోక స్పష్టంగా కనిపించాయి.

1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో జబ్బుపడ్డ గుర్రాలు, ఒంటెల నెత్తురులో మొదట చూసింది దీన్నే. ఆయన చేసింది కూడా ఇంతే, తాజా నెత్తురును మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం.

ల్యాబు స్లైడులో ఎందుకు దొరకలేదు? ట్యూబు ఇక్కడి నుంచి వెళ్ళి స్లైడు అయ్యేసరికి ఐదారు గంటలు పట్టింది. అప్పటికి పరాన్నజీవి చచ్చి ఆకారం చెడి ఉండవచ్చు. పైగా మొదటి రోజు లెక్క తక్కువగా ఉండి ఉంటుంది, స్లైడు మీద పలచగా పూసిన నెత్తురులో తక్కువ లెక్క దొరకడం కష్టం. తొమ్మిదో రోజుకి అన్ని కనబడడానికి నా ప్రెడ్నిసొలోన్ మాత్రలు సాయం చేశాయని నా గట్టి నమ్మకం. కుక్క రోగనిరోధక శక్తిని నేనే అణిచాను.

రెండో చికిత్స

చేతిలో ఉన్నది డిమినజీన్ అసిట్యురేట్. పిడుదుల వల్ల వచ్చే ఇంకో రక్త పరాన్నజీవి బబేసియా కోసం ఎప్పుడూ ఉంచుకుంటాను. సర్రాకి వాడే ఇంకో మందు క్వినాపైరమిన్ మా ఊళ్ళో ఆ రోజు దొరకలేదు. రెండు రోజులు ఆగి తెప్పించవచ్చా? పీసీవీ, అంటే నెత్తురులో ఎర్ర కణాల శాతం, 21, గ్లూకోజు 56. నెత్తురులో పరాన్నజీవులు గుంపులుగా ఉన్నప్పుడు అవి చక్కెరను కూడా తినేస్తాయి. ఆగే పరిస్థితి కాదు. డిమినజీన్ కిలోకు 3.5 మిల్లీగ్రాముల లెక్కన 70 మిల్లీగ్రాములు కండలోకి లోతుగా ఇచ్చాను. కుక్కల్లో ఈ మందుకి, విషానికి మధ్య దూరం తక్కువ. మోతాదు మించితే మెదడు దెబ్బతిని తూలిపోతాయి, చనిపోతాయి కూడా. అందుకే యజమాని చెప్పిన బరువు మీద లెక్క కట్టకుండా తూకం వేసి ఇచ్చాను.

స్టెరాయిడ్ మాత్రలు ఆపేశాను. స్టెరాయిడ్ కంటి చుక్కలు మాత్రం ఆపలేదు. పుండు లేదని ఫ్లోరసీన్‌తో మళ్ళీ నిర్ధారించుకున్నాను, లోపలి వాపు తగ్గకపోతే కనుపాప లెన్సుకు అతుక్కుని గ్లకోమా వస్తుంది. డెక్స్‌ట్రోజ్ సెలైన్ ఎక్కించాను. డాక్సీసైక్లిన్ కూడా కొనసాగించాను. ఎర్లీకియా లేదని చెప్పే ఆధారం లేదు, రెండూ కలిసి ఉండడం అరుదేమీ కాదు. మొదలుపెట్టిన 28 రోజులు పూర్తి చేయడమే మేలనిపించింది.

మర్నాటికి జ్వరం 102.2. స్లైడు శుభ్రం. ముఖం వాపు మూడు రోజుల్లో దిగింది. ఆరో రోజుకి కుడి కార్నియా అంచుల నుంచి తేటపడడం మొదలైంది. ఇంట్లో అందరూ సంతోషించారు, నేనూ సంతోషించాను.

ఆ ఇంజెక్షన్ వేసిన పదిహేడో రోజున తిండి మళ్ళీ తగ్గింది. జ్వరం 103.6. తేటపడుతున్న ఎడమ కన్ను మళ్ళీ మసకబారింది. తాజా నెత్తురు స్లైడులో ఇరవై ఫీల్డులు చూశాను, ఏమీ లేదు. ఈసారి అక్కడితో ఆగలేదు. సన్నటి కేపిలరీ గొట్టంలో నెత్తురు నింపి, నిమిషానికి 12 వేల చుట్ల వేగంతో ఐదు నిమిషాలు తిప్పాను. ఎర్ర కణాలు అడుగుకి చేరాక వాటి పైన తెల్ల కణాల సన్నపొర, దానిపైన ప్లాస్మా ఉంటాయి. ఉన్న కాసిని పరాన్నజీవులూ ఆ తెల్లపొర దగ్గరే పోగవుతాయి. గొట్టాన్ని అలాగే మైక్రోస్కోపు కింద పడుకోబెట్టి ఆ హద్దు దగ్గర చూస్తే కదులుతూ రెండు కనిపించాయి.

తిరగబెట్టడానికి కారణం కన్నే అని నా అంచనా. డిమినజీన్ నెత్తురులోని వాటిని చంపుతుంది గానీ మెదడులోకి, కంటి లోపలి నీటిలోకి సరిగ్గా చేరదు. అక్కడ దాక్కున్నవి మందు బలం తగ్గాక మళ్ళీ నెత్తురులోకి దిగుతాయి. కన్ను ముందు మసకబారడం కూడా ఈ అంచనాకే సరిపోయింది.

డిమినజీన్ మళ్ళీ ఇవ్వాలా అని ఒక రాత్రంతా ఆలోచించాను. రెండోసారి ఇస్తే మెదడు మీద దుష్ప్రభావం భయం పెరుగుతుంది, కంట్లోకి చేరని ఇబ్బంది అలాగే ఉంటుంది. క్వినాపైరమిన్ కూడా మెదడులోకి, కంట్లోకి బాగా వెళ్ళే మందు కాదు. కానీ సల్ఫేట్, క్లోరైడ్ కలిపిన పొడిలో సల్ఫేట్ వెంటనే పనిచేస్తే, క్లోరైడ్ చర్మం కింద నుంచి నెమ్మదిగా కరుగుతూ చాలా రోజులు నెత్తురులో నిలుస్తుంది. కంట్లోంచి ఆలస్యంగా దిగే పరాన్నజీవికి నెత్తురులో మందు ఎదురవుతుంది. ఆ లెక్కతోనే పట్టణం నుంచి తెప్పించి, కిలోకు 5 మిల్లీగ్రాములు, మొత్తం 100 మిల్లీగ్రాములు, రెండు చోట్లుగా చర్మం కింద ఇచ్చాను. గేదె కోసం కలిపే వయల్‌లోంచి కుక్కకి కావలసింది ఒక మిల్లీలీటరు కూడా ఉండదు. ఇన్సులిన్ సిరంజితో కొలిచాను. అరగంట పాటు చొంగ కారింది, వణికింది. సూది వేసిన చోట నాలుగు రోజులు గడ్డ కట్టి నొప్పిపెట్టింది. ముందే చెప్పి ఉంచాను కాబట్టి ఇంట్లో వాళ్ళు కంగారుపడలేదు.

గేదెలు, పిల్లలు

చిక్కిపోయిన గేదె నెత్తురు కూడా తిప్పి చూస్తే పాజిటివ్. మిగతా మూడింటిలో కనబడలేదు. గేదెలు పైకి పెద్దగా ఏమీ చూపించకుండా నెలల తరబడి దీన్ని మోస్తాయి. స్థానిక పశువైద్యశాలకు తెలియజేశాం. వాళ్ళు వచ్చి నాలుగింటికీ మందు వేశారు. పేడ కుప్పను పాకకు దూరం జరిపించాం, సాయంత్రాలు వేపాకు పొగ పెట్టించాం. మాంసం కొట్టు వెనక్కి వెళ్ళకుండా ఆదివారాలు కుక్కను కట్టేస్తున్నారు.

"పిల్లలకి అంటుకుంటుందా?" అని ఆ తల్లి అడిగింది, చాలా టెన్షన్‌గా. మనిషి నెత్తురులో ఈ పరాన్నజీవిని చంపే ఒక ప్రోటీన్ సహజంగానే ఉంటుంది. 2004లో మహారాష్ట్రలో ఒక రైతుకి సర్రా వచ్చినట్టు తేలింది. పరీక్షిస్తే ఆయన నెత్తురులో ఆ ప్రోటీన్ లేదు. సురామిన్ అనే మందుతో నయమైంది. ఇది అంత అరుదని చెప్పి, కుక్క నెత్తురు, గాయాలు చేతులకు తగలనివ్వవద్దని మాత్రం జాగ్రత్త చెప్పాను.

ఈ కేసు తర్వాత

రెండు కళ్ళూ నీలమై జ్వరంతో వచ్చిన ప్రతి కుక్కకీ ఇప్పుడు తాజా నెత్తురు చుక్క, తిప్పిన కేపిలరీ గొట్టం రెండూ నేనే చూస్తున్నాను, ల్యాబుకు పంపినా సరే. రెండూ కలిపి పదిహేను నిమిషాల పని. జ్వరం దిగి ఉంటే, మళ్ళీ ఎక్కినప్పుడు ఏ వేళైనా తీసుకురమ్మని చెప్పి పంపుతాను, ఎందుకంటే దొరికేది అప్పుడే. నెత్తురు చూడనిదే స్టెరాయిడ్ మాత్ర రాయడం మానేశాను. కంట్లో చుక్కలు వేరు, నోటి మాత్రలు వేరు. మొదటివి కంటిని కాపాడాయి, రెండోవి జబ్బును పెంచాయి. కేసు షీటులో "ఏం పెడతారు" అన్న గడి పక్కన "బయట ఏం తింటుంది" అని ఇంకో గడి గీశాను. ఇంట్లో పిల్లలుంటే ఆ ప్రశ్న వాళ్ళనే అడుగుతాను.

క్వినాపైరమిన్ తర్వాత ఎనిమిది వారాలు వారం వారం, ఆపైన నెలకోసారి ఆ కుక్క నెత్తురు తిప్పి చూశాను. ఆరు నెలలుగా శుభ్రంగా ఉంది. పీసీవీ 38కి వచ్చింది. కుడి కన్ను పూర్తిగా తేట. ఎడమ కంట్లో కింది భాగాన చిన్న తెల్ల మచ్చ మిగిలిపోయింది, ఇక పోదు. మొన్న పరీక్షకు తెచ్చినప్పుడు దూది ఉండ గాల్లోకి విసిరితే రెండు వైపుల నుంచీ తల తిప్పి చూసింది.